లత పెట్టిన గుర్తులు

శామీర్‌పేట ఎమ్మార్వో ఆఫీసుకు కొద్ది దూరంలో, కరీంనగర్ రోడ్డు వారన, ఒక జిరాక్స్ షాపును ఆనుకుని చిన్న రేకుల పందిరి ఉంది. పద్నాలుగేళ్లుగా అక్కడ కూర్చుని జనానికి దరఖాస్తులు రాసిపెడుతున్న మనిషి పేరు సరళ. చుట్టుపక్కల ఊళ్లలో టైపింగ్ సరళ అంటే ఎవరైనా చెప్తారు. తండ్రి గండయ్య ఊరి చెరువులో చేపలు పట్టేవాడు. భర్త మల్లేష్‌దీ అదే పని. రెండు ఇళ్లలోనూ పదో తరగతి గడప దాటింది ఆమె ఒక్కతే.

దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చినవాళ్లు ముందు కాగితాలు తీయరు. ముందు గోడు చెప్పుకుంటారు. అన్నదమ్ముల తగాదాలు, పాస్‌బుక్కులో తప్పుపడ్డ పేరు, హద్దు రాయి జరిపిన పక్క పొలంవాడు, భర్త పోయాక మాట మార్చిన మరిది. సరళ అంతా వింటుంది. అందులో ఆఫీసుకు కావలసిన నాలుగు ముక్కలు ఏరుకుని టైపు చేస్తుంది. మిగతాది ఆమెలోనే ఉండిపోతుంది. ఇంట్లో మల్లేష్ అడిగినా చెప్పదు. "పొద్దంత ఏం జేసినవే" అంటే "కాగితాలు" అంటుంది, అంతే. ఊళ్లో ఆమెకున్న మర్యాద అంతా ఆ నోటి కట్టుబాటు వల్ల వచ్చిందే.

ఆమెకు కంప్యూటర్ నేర్పింది మచ్చ బొల్లారంలో ఆడవాళ్ల కోసం పెట్టిన ఒక శిక్షణ కేంద్రం. లత అక్కడే పరిచయమైంది. సరళ కన్నా రెండేళ్లు పెద్ద. ఇద్దరూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు, ఒకే డబ్బాలో తినేవాళ్లు. కోర్సు అయ్యాక సరళ పందిరి కింద కూర్చుంది, లత సుచిత్రలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో చేరింది. ఒకసారి లత భర్తకు యాక్సిడెంట్ అయి ఆసుపత్రిలో పడుంటే, ఆమె పిల్లలిద్దరినీ సరళ ఇరవై రోజులు తన ఇంట్లో పెట్టుకుని బడికి పంపింది. సరళకు రెండో కాన్పు పోయినప్పుడు ఆ సంగతి పూర్తిగా తెలిసిన మనిషి లత ఒక్కతే. అత్తకు కూడా సగమే చెప్పింది.

నిరుడు ఆషాఢంలో సరళ ల్యాప్‌టాప్ మొరాయించింది. అది సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. పొద్దున ఆన్ చేస్తే తెరుచుకోవడానికి పావుగంట పట్టేది. వరుసలో నిలబడ్డవాళ్లు విసుక్కుని, నాలుగడుగుల అవతల కూర్చుని ఇదే పని చేసే ముత్తయ్య దగ్గరికి పోయేవాళ్లు. సరళ లతకు ఫోన్ చేసింది. లత ఆదివారం ఇంటికి వచ్చి, పాత విండోస్ తీసేసి, దాని బదులు తేలికగా నడిచే లినక్స్ వేసింది. పక్కన కూర్చున్న సరళకు ఓపిగ్గా చెప్పింది.

"ఇగో సరళా, గీ ప్రోగ్రాములకు ఇన్‌స్టాల్ జేసుడు అనేది ఉండది. మొత్తం ఒక్క ఫైల్లనే ఉంటది. పెన్‌డ్రైవ్‌ల ఏస్కొని యాడికైనా తీస్కపోవచ్చు. గని మెనూల దానంతటది కనవడది. మనమే దానికో చీటి రాసిపెట్టాలె. పేరేంది, బొమ్మ ఏంది, నొక్కితే ఏం నడవాలె. గీ మూడు ముక్కలు రాస్తే లాంచర్ తయారైతది."

"గవి నాకేం దెలుస్తయక్కా. నువ్వే వెట్టు."

లత పెట్టింది. ఇంగ్లీషు పేర్లు తీసేసి తెలుగులో రాసింది. టైపు చేసే ప్రోగ్రాముకు 'దరఖాస్తు' అని పేరు పెట్టి కలం బొమ్మ ఇచ్చింది. పీడీఎఫ్‌లు కలిపేదానికి 'జోడింపు', స్కానింగ్‌కు 'నకలు'. తెర మీద వరుసగా మూడు గుర్తులు. సరళ మొదటిది నొక్కితే రెండు క్షణాల్లో తెల్లకాగితం తెరుచుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. లత ఆమె భుజం మీద చెయ్యేసి, "గింత దానికే ఏడ్తవా" అని నవ్వింది. ఆ పూట యాదవ్వ, అంటే సరళ అత్త, ఇద్దరికీ అన్నం పెట్టి మజ్జిగ పోసింది. లత ఏమిచ్చినా పుచ్చుకోలేదు. నెల తిరక్కుండానే ముత్తయ్య కంప్యూటర్ కూడా పాడైతే, పోటీ మనిషి అని చూడకుండా సరళే అతనికి లత నంబరు ఇచ్చింది.

కార్తీకం వచ్చేసరికి చిన్న తిరకాసు ఒకటి మొదలైంది. సరళ తన ఫోన్ నెట్‌నే ల్యాప్‌టాప్‌కు కలుపుకునేది. మధ్యాహ్నానికే ఆ రోజు డేటా అయిపోయేది. లతను అడిగితే, "లినక్స్ గంతే, లోపల్లోపల అప్‌డేట్లు గుంజుకుంటది" అంది. సరళ ఇక దాని గురించి ఆలోచించలేదు.

తూంకుంట దగ్గరి కుర్మయ్య వచ్చింది ఆ రోజుల్లోనే. డెబ్బై ఏళ్ల రైతు. చనిపోయిన అన్న కొడుకులు ఉమ్మడి భూమి మొత్తాన్ని ఒక లేఅవుట్‌కు ఇవ్వబోతున్నారు. బావి పక్క రెండెకరాలు తనవని అన్న పోయే ముందు నోటిమాటగా చెప్పాడట. ఆ మాట తెలిసింది కుర్మయ్య, అన్న, ఇద్దరికే. రిజిస్ట్రేషన్ ఆపాలని అభ్యంతరం రాయించుకోవడానికి గురువారం సాయంత్రం వచ్చాడు. సరళ రాసిచ్చింది. కొడుకు వరంగల్ నుంచి రావాలి, సోమవారం ఇస్తానని కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

సోమవారం అతను ఆఫీసుకు వెళ్లేసరికి రిజిస్ట్రేషన్ శుక్రవారమే అయిపోయింది. మెట్ల మీద ఎల్లేష్ ఎదురయ్యాడు. భూములు మాట్లాడిపెట్టే మనిషి. "ఏం పెద్దమనిషీ, బాయి పక్క రెండెకరాల ముచ్చట రాసుకొచ్చినవా? జర ఆలస్యమైంది" అన్నాడు.

కుర్మయ్య అక్కణ్నుంచి నేరుగా పందిరి కిందికి వచ్చాడు. కూర్చోలేదు.

"బిడ్డా, గా మాట నేను నీకు తప్ప ఎవ్వలకు జెప్పలే. నా కొడుక్కు గూడ జెప్పలే."

"నేను జెప్పలే పెద్దనాయినా."

"మరి ఎట్ల వొయింది?"

ముసలాయన ఆమె మొహంలోకి చూసి, కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

నెల రోజుల్లో ఇలాంటివి ఇంకో రెండు జరిగాయి. చెరువు కింది మడి గురించి భర్త పోయిన ఒకామె దరఖాస్తు రాయించుకుంటే, మర్నాడే ఎల్లేష్ మనిషి ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. ఊళ్లో మాట పాకింది. సరళ ముందు వరుస పలచబడింది. పాత పరిచయస్తులు కూడా ఆమె కళ్లు తప్పించి ముత్తయ్య దగ్గర కూర్చోసాగారు. ఒకరోజు సరళ లతకు ఫోన్ చేసి ఏడ్చేసింది.

"నువ్వు పరేషాన్ గాకు. ముసలోళ్లు కల్లు కాడ వాగుతరు, మల్ల మందిని అనుమానిస్తరు. నువ్వేందో నాకు దెల్వదా?" అంది లత. ఆ మాటకు సరళ ఆ వారమంతా ధైర్యంగా ఉంది.

మాఘంలో ఒకతను పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు తెచ్చాడు. సరళ ప్రోగ్రాము పాతదై అందులో ఒత్తులన్నీ విడిపోయి కనిపించాయి. కొత్త వెర్షన్ దింపుకోవాలి. లత ఫోన్ ఎత్తలేదు. సిద్దిపేటలో పెళ్లికి పోతున్నానని ముందురోజు చెప్పింది. సరే, నేనే చూద్దామనుకుంది సరళ. ఆ మధ్యాహ్నం ఎలాగూ పని లేదు.

ఫైలు దింపింది. నొక్కితే కదల్లేదు. యూట్యూబ్‌లో తెలుగులో చెప్పే ఒకాయన వీడియో పెట్టుకుని, ఆపుతూ నడుపుతూ చూసింది. దింపుకున్న ఫైలుకు నడిచే అనుమతి ఇవ్వాలట. ఫైలు మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, ప్రోగ్రాంగా నడవనివ్వడానికి ఒక టిక్కు. టిక్కు పెట్టాక తెరుచుకుంది. ఒత్తులు సరిగ్గా వచ్చాయి. ఇక దానికి చీటి రాయాలి. వీడియోలో చెప్పినట్టు రాసింది. మెనూలో గుర్తు వచ్చింది గానీ నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. మూడుసార్లు రాసి కొట్టేసింది. చివరికి తేలిందేమిటంటే, ఫైలు పెట్టిన ఫోల్డర్ పేరు 'కొత్త పని' అని రెండు మాటలుగా ఉంది. ఆ మధ్య ఖాళీ దగ్గర కంప్యూటర్ ఆగిపోతోంది. ఫోల్డర్ పేరు కలిపి రాసి, చీటిలో దిద్దింది. తెల్లకాగితం తెరుచుకుంది. పందిరి కింద ఒక్కతే కూర్చుని నవ్వుకుంది.

కలం బొమ్మ మాత్రం రాలేదు. లత పెట్టిన పాత చీటిలో బొమ్మ ఎక్కడుందో రాసి ఉంటుంది కదా, చూసి దించుకుందామనుకుంది. ఈ చీటీలన్నీ దాచిన ఫోల్డర్‌లో ఉంటాయని, కంట్రోల్ హెచ్ నొక్కితే కనిపిస్తాయని వీడియోలో విన్నది. నొక్కింది. లత రాసిన 'దరఖాస్తు' చీటి తెరిచింది.

పేరు సరిగ్గానే ఉంది. బొమ్మ సరిగ్గానే ఉంది. నొక్కితే ఏం నడవాలో చెప్పే వరుసలో మాత్రం టైపింగ్ ప్రోగ్రాము పేరు లేదు. ఇంకేదో చిన్న ఫైలు పేరు ఉంది. అదీ దాచిన ఫోల్డర్‌లోనే. తన చీటి పక్కన పెట్టి చూసుకుంది. తనది నేరుగా ప్రోగ్రాము దగ్గరికి పోతోంది. లతది మధ్యలో ఇంకో గుమ్మం గుండా పోతోంది.

ఆ చిన్న ఫైలు తెరిచింది. లోపల నాలుగు వరుసలు. చివరిది ప్రోగ్రామును తెరిచేది. దాని పైది సరళ కాగితాలుండే ఫోల్డర్ మొత్తాన్ని నెట్‌లో ఇంకో చోటికి నకలు చేసేది. దరఖాస్తులు, స్కాన్ చేసిన పాస్‌బుక్కులు, ఆధార్ కార్డులు, వేలిముద్రలు వేసిన కాగితాలు, అన్నీ. ఆమె ఆ కలం బొమ్మ నొక్కిన ప్రతిసారీ, ఆమె ఫోన్ డేటాతోనే, కాగితాలు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువగా. ఆ చోటు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో లత, పక్కన సుచిత్ర.

సరళ ల్యాప్‌టాప్ మూసేసింది. మళ్లీ తెరిచి, ఫైలు మీదున్న తారీఖు చూసింది. ఆషాఢంలో ఆ ఆదివారమే.

అప్పటికీ ఆమె నమ్మలేదు. ఏదో బ్యాకప్ అయ్యుంటుంది, తనకే అర్థం కాలేదు అనుకుంది. అనుకుని, మర్నాడు ఒక పని చేసింది. అత్త యాదవ్వ పేరు మీద ఊరి చివర ఆరు గుంటల జాగా ఉంది. దాన్ని అమ్మాలన్న మాట ఆ ఇంట్లో ఎన్నడూ రాలేదు. ఆ జాగా అమ్ముకోదలచానని, పాస్‌బుక్కులో పేరు దిద్దాలని యాదవ్వ తరఫున ఒక దరఖాస్తు టైపు చేసి ఫోల్డర్‌లో పెట్టింది. లత పెట్టిన గుర్తును ఒకసారి నొక్కింది. ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు పొద్దున మల్లేష్ చెరువు నుంచి వల కూడా ఆరేయకుండా ఇంట్లోకి వచ్చాడు.

"అవ్వ జాగ అమ్ముతున్నవా నువ్వు?"

"ఎవలు జెప్పిన్రు?"

"ఎల్లేష్ కట్ట మీదికొచ్చి అడిగిండు. మీ అవ్వ అమ్ముతదట గదా, నాకే ఇయ్యిరి అన్నడు. పది మంది ముంగట నాకు ఇజ్జత్ వొయింది. ఏందిది సరళా?"

యాదవ్వ వంటింట్లోంచి బయటికి వచ్చి కోడలి మొహం చూసింది. సరళ గోడకు ఆనుకుని కూలబడి, జరిగిందంతా వాళ్లిద్దరికీ చెప్పింది. బయటి కాగితం సంగతి ఇంట్లో చెప్పడం పద్నాలుగేళ్లలో అదే మొదటిసారి. మల్లేష్‌కు కంప్యూటర్ మాటలు అర్థం కాలేదు గానీ, లత పేరు అర్థమైంది. "దాని పిల్లలకు నువ్వు తలకాయలు దువ్విపంపినవ్" అన్నాడు. వల ఆరేయడానికి బయటికి పోయాడు.

సరళ ఆ రోజే సుచిత్ర వెళ్లింది. షాపు మొదటి అంతస్తులో. లత ఒక ల్యాప్‌టాప్ అడుగు విప్పి కూర్చుని ఉంది.

"రా రా, చాయ్ చెప్తా" అంది.

"వద్దక్కా. నా దరఖాస్తు బొమ్మ వెనక ఏం వెట్టినవ్?"

"ఏం వెడ్తా? ప్రోగ్రామే."

సరళ ఫోన్‌లో తీసిన ఫొటో ముందు పెట్టింది. నాలుగు వరుసలు. లత దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసింది.

"గిది బ్యాకప్ సరళా. నీ ఫైళ్లు వోతే మల్ల దొరకాలె గదా అని."

"బ్యాకపైతే ఎల్లేష్‌కు మా అత్తమ్మ జాగ ముచ్చట ఎట్ల దెల్సింది? గా కాగితం నేను ఉత్తగనే రాసిన. గది నా కంప్యూటర్ల తప్ప యాడ లేదు."

లత స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "మెల్లగ మాట్లాడు, లోపల సేటు ఉన్నడు."

"ఎప్పటి సంది?"

"గీ మధ్యనే. గాయన మస్తుసార్లు అడిగిండు. మా ఆయన కాలు సంగతి నీకెర్కనే గదా, ఇంట్ల ఎట్లుంటదో."

"ఫైలు మీద తారీఖు ఉన్నదక్కా. నువ్వు మా ఇంట్ల అన్నం దిన్న రోజుది."

లత మొహం తిప్పుకుంది. మళ్లీ తిరిగేసరికి గొంతు మారింది. "అయితే ఏంది? రేపు ఆఫీసుల ఇచ్చేటి కాగితాలే గదా, పది మంది సూసేటియే. నీకు లినక్స్ ఏసిచ్చిన, తెలుగుల పేర్లు వెట్టిచ్చిన. ఊకనే జేసిన. ఒక్క రూపాయి అడిగిన్నా?"

"అడిగితే ఇచ్చేదాన్ని గదా అక్కా."

లత స్క్రూడ్రైవర్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. సరళ ఇంకో మాట కోసం కాసేపు నిలబడింది. తప్పయింది అనే మాట వస్తుందనుకుంది. రాలేదు. లోపలి నుంచి ఎవరో లతను పిలిచారు. సరళ మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక, ఏ వైపు బస్సు ఎక్కాలో తెలియక చాలాసేపు నిలబడిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులు పందిరి తెరవలేదు. ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌ను మొత్తం తుడిచి, లినక్స్ మళ్లీ తనే వేసుకుంది. మూడు ప్రోగ్రాములు దింపి, మూడింటికీ చీటీలు తనే రాసుకుంది. పేర్లు అవే పెట్టాలా వద్దా అని ఆలోచించింది. ఆ పేర్లు జనం చూసేవి కావు, అలవాటు తనకే. 'దరఖాస్తు' అన్న మాట తీసేసి 'అర్జీ' అని పెట్టింది. కలం బొమ్మ పెట్టలేదు. ఆ నాలుగు వరుసల ఫొటో జతచేసి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు కూడా ఇచ్చింది. తన పేరు మీద తను టైపు చేసుకున్న మొదటి కాగితం అదే. తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. విచారణ నడుస్తూనే ఉంది.

కుర్మయ్య ఇంటికి నడిచి వెళ్లింది. అతను అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

"నువ్వు జెయ్యలేదు. నమ్మిన బిడ్డా" అన్నాడు. మళ్లీ తనే, "గని నీ కాన్నుంచే వొయింది. నీ కాడ ఎవలు కూసుంటున్నరో నువ్వు సూసుకోవాలె గదా" అన్నాడు.

కొడుకు కోర్టులో కేసు వేశాడట. ఆ కాగితాలు మేడ్చల్‌లో వకీలు దగ్గర రాయించారు. సరళ తలూపి, ఆయన కాళ్లకు దండం పెట్టి వచ్చేసింది. ఆయన మళ్లీ పందిరి కిందికి రాలేదు.

మిగిలింది ముత్తయ్య. అతని కంప్యూటర్ కూడా లతే చేసిచ్చింది, నంబరు ఇచ్చింది తనే. సరళ వెళ్లి చెప్తే అతను నమ్మలేదు. "నీ గిరాకీ నా కాడికొచ్చిందని గిట్ల మాట్లాడుతున్నవా వదినే" అన్నాడు. సరళ వాదించలేదు. కంట్రోల్ హెచ్ ఎలా నొక్కాలో, ఏ ఫోల్డర్‌లో ఏ చీటి చూడాలో కాగితం మీద రాసి అతని బల్ల మీద పెట్టి వచ్చింది. సాయంత్రం నాలుగింటికి ముత్తయ్య ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని పందిరి కిందికి వచ్చాడు. ఆమె ముందు తెరిచి పెట్టాడు. అవే నాలుగు వరుసలు.

ఆ రోజు చీకటి పడేదాకా ఇద్దరూ కూర్చుని అతని లాంచర్లు కొత్తగా రాసుకున్నారు. ముత్తయ్య ఊళ్లో నలుగురికీ చెప్పాడు. కొంతమంది తిరిగి వచ్చారు. వచ్చినవాళ్లు కూడా మునుపటిలా గోడు చెప్పుకోరు. నాలుగు ముక్కలే చెప్పి, రాయించుకుని, కాగితం చేతికి రాగానే "ఇగ గది తీసెయ్యి" అంటారు. వాళ్లు చూస్తుండగానే ఆమె ఆ ఫైలు తీసేస్తుంది.

లత సుచిత్ర షాపు మానేసిందని వేసవిలో తెలిసింది. తూంకుంటలో ఎల్లేష్ వాళ్ల కొత్త లేఅవుట్ ఆఫీసులో కూర్చుంటోందట. మొన్న శ్రావణంలో సరళ ఛార్జర్ కొనడానికి అల్వాల్ వెళ్లి, తిరుగు బస్సు కోసం స్టాపులో నిలబడింది. నలుగురి అవతల లత ఉంది. సంచి, లంచ్ డబ్బా. ఇద్దరి కళ్లూ కలిశాయి. లత ఏదో అనబోయినట్టు పెదవులు కదిపింది. అంతలో తూంకుంట మీదుగా పోయే శామీర్‌పేట బస్సు వచ్చింది. ఇద్దరికీ కావలసింది ఆ బస్సే. లత ముందు తలుపు నుంచి ఎక్కి, మెట్టు మీద నిలబడి వెనక్కి చూసింది.

సరళ ఎక్కలేదు. బస్సు కదిలి వెళ్లిపోయాక, చెప్పులు విడిచి దిమ్మె మీద కూర్చుని, వెనక వచ్చే బస్సు కోసం చూసింది.